గెడ్డ నీళ్లొక్కటే చూస్తే చాలదు, అడుగు బురదనూ పరీక్షించండి

సంపాదకులకు,

తొలకరికి విశాఖ గెడ్డల్లో (వాగుల్లో) చేపలు చచ్చి తేలితే చాలు, ‘ఫ్యాక్టరీల విషం’ అనేస్తాం. చాలాసార్లు వాటిని చంపేది మురుగే. ఎండాకాలమంతా కాలువల్లో పేరుకున్న కుళ్లు ఒక్కసారిగా కొట్టుకొచ్చి నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. సీసం, కాడ్మియం, పాదరసం లాంటి లోహాలు అలా గుంపులుగా చంపడం అరుదు. చేప ఈదుతూనే ఉంటుంది, వలలో పడుతుంది, బజారుకొస్తుంది. తేలదు కాబట్టి ఎవరికీ పట్టదు.

కాడ్మియం చేప ఒంట్లోకి దూరేది మొప్పల్లో కాల్షియం వెళ్లే దారిలోనే. అందుకే కాల్షియం తక్కువుండే వాననీటిలో అదే మోతాదు ఎక్కువ హాని చేస్తుంది. అలాంటి నీటిలో రాగి లీటరుకు పదిరవై మైక్రోగ్రాములున్నా చేపకు వాసన పట్టే శక్తి దెబ్బతింటుంది. వేటాడే చేప దగ్గరికొచ్చినా పసిగట్టలేదు. సీసం చాలాకాలం తగిలితే పిల్లచేపల వెన్ను వంకరపోతుంది. ఇక పాదరసం సంగతి వేరు. గాలి అందని బురదలో బ్యాక్టీరియా దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తుంది. అది చిన్నచేపను తిన్న పెద్దచేపలో, దాన్ని తిన్న ఇంకా పెద్దచేపలో పోగవుతూ పోతుంది. ఉడికించినా, వేయించినా పోదు.

అధికారులు పరీక్షలు చేయడం లేదనడం లేదు. చేపలు, వన్యప్రాణుల కోసం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన ‘డి’ తరగతి ప్రమాణాలు చూడండి: పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 6.5 నుంచి 8.5, ఆక్సిజన్ లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు, విడిగా ఉండే అమ్మోనియా (నైట్రోజన్ లెక్కన) 1.2 మిల్లీగ్రాములకు మించకూడదు. ఒక్క లోహం పేరూ లేదు! లోహాలు పరీక్షించినా నీటిలోనే వెతికితే ‘పరిమితిలోపే’ అని వస్తుంది. రావడంలో వింతేముంది, లోహాల్లో ఎక్కువ పాలు సన్నటి ఒండ్రుకు అంటుకుని అడుగున కూర్చుంటుంది. మేహాద్రిగెడ్డ వెళ్లి కలిసే హార్బరు ఉప్పుటేరు లాంటి చోట, ఆటుపోట్లున్నా నీరు పూర్తిగా మారని మూలల్లో, ఆ పొర ఏళ్లతరబడి మందమవుతుంది. ఉప్పు పెరిగితే కాడ్మియం ఒండ్రును వదిలి మళ్లీ నీటిలోకొస్తుంది. డ్రెడ్జింగులో, అంటే అడుగు పూడిక తవ్వి తీసేటప్పుడు, కలబెడితే గాలి తగలని బురదకు గాలి తగిలి, పట్టి ఉంచిన లోహాలు కొంత వదులుతాయి.

నమూనా తీసేటప్పుడు జరిగే పొరపాట్లు మరికొన్ని. నీటిని 0.45 మైక్రాన్ల ఫిల్టరులో వడగట్టాకే నైట్రిక్ ఆమ్లం కలిపి పీహెచ్ 2 కంటే తగ్గించాలి. ముందే కలిపితే ఒండ్రులోని లోహం కూడా కరిగి, నీటిలో కరిగి ఉన్నదానిలా లెక్కలోకొస్తుంది. జింకు పూత బకెట్టుతో తోడిన నీళ్లలో జింకు వెతకడం మరీ విడ్డూరం. బురదైతే పై 5 సెంటీమీటర్లు ప్లాస్టిక్ చెంచాతో తీసి, 63 మైక్రాన్ల జల్లెడ దాటిన భాగాన్నే పోల్చాలి. ఇసుక కలిస్తే అంకె తగ్గిపోతుంది.

చేపలకూ అంతే. కండలో పోగయ్యేది ముఖ్యంగా పాదరసం. కాడ్మియం కాలేయంలో, మూత్రపిండాల్లో దాక్కుంటుంది, పీతల్లోనైతే డిప్ప కింది పసుపు గుజ్జులో. ఇష్టంగా తినేదీ దాన్నే! ఒకే జాతివి, ఒకే సైజువి కనీసం పది తీసుకుని కండ, కాలేయం, మొప్పలు విడివిడిగా పరీక్షించాలి. చేప కండలో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే కనుక ఎండబెట్టి తూచిన ‘ఎండు బరువు’ మీద తీసిన అంకె పచ్చి బరువు అంకెకు నాలుగైదు రెట్లుంటుంది. సీసానికి కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) పరిమితి కిలో పచ్చి చేపకు 0.3 మిల్లీగ్రాములు. ఎండు బరువు అంకె తెచ్చి దీని పక్కన పెడితే లేని భయం పుడుతుంది.

అధికారులను అడిగేది ఇదీ: మేహాద్రిగెడ్డ దిగువన, ఉప్పుటేరులో, భీమిలి దగ్గర గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగలో ఏడాదికి రెండుసార్లు, నడి ఎండల్లో ఒకసారి, వానలు వెనుదిరిగాక ఒకసారి, ఆటు సమయంలో బురద, పీతలు, చేపలు తీసి పరీక్షించండి. ఎక్కడ తీశారో, వడగట్టారో లేదో, పచ్చి బరువో ఎండు బరువో రాసి అంకెలు తెలుగులో బయట పెట్టండి. డ్రెడ్జింగుకు ముందు ఆ చోటి బురద ఫలితాన్ని అక్కడ వల వేసేవాళ్లకు చూపించండి.

ఇట్లు,
నీటి పరీక్షల రంగంలో పనిచేస్తున్న కొందరు,
విశాఖపట్నం