అర్ధరాత్రి చెల్లింపులను గమనించే బాధ్యత బ్యాంకులదే

సంపాదకులకు నమస్కారం.

నేను బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించి ఆరేళ్లయినా, మా వీధివాళ్లు పాస్‌బుక్కులు పట్టుకుని ఇప్పటికీ మా అరుగు మీదికి వస్తూనే ఉంటారు. మొన్న అలా వచ్చిన ఒకావిడ, "మా అబ్బాయి ఖాతాలోంచి ఎవరో డబ్బు లాగేస్తున్నారు బాబూ, కాస్త చూడండి" అన్నారు. పాస్‌బుక్కులో వేళలు ఉండవు కనుక కుర్రవాణ్ణే పిలిపించి ఫోనులో యూపీఐ చెల్లింపులు తీయించాను. జీతం పడిన రాత్రి పదకొండు దాటాక 200, కాసేపటికి 500, ఆ వెంటనే 1,000, రెండు కావస్తుండగా 4,000. ప్రతిసారీ వేరొక పేరున్న ఖాతాకు. ఆన్‌లైన్ జూదంలో పోయింది రాబట్టుకోవాలన్న తాపత్రయం ఆ అంకెల్లోనే తెలిసిపోతోంది. నాలుగు రోజులు ఆడకుండా ఉంటే, ఆ రాత్రి వరకే చెల్లుతుందంటూ 100 రూపాయల బోనస్ సందేశం వచ్చిందట.

ఆ సందేశం యాదృచ్ఛికమని నేననుకోను. ఎవరు ఏ వేళకు ఆట తెరుస్తారో, ఎంత పోయాక విసిగి మానేస్తారో, ఏ ఎర వేస్తే తిరిగి వస్తారో లక్షల మంది ఆటతీరు నుంచి నేర్చుకుని అంచనా కట్టడం కృత్రిమ మేధకు చిన్న పని. మా రోజుల్లో పేకాటలో ఎదుటి మనిషైనా "ఇక చాలు, ఇంటికి పోరా" అనేవాడు.

అదే గణితంతో ప్రమాదాన్నీ పసిగట్టవచ్చు. ఓడినకొద్దీ పందెం పెంచడం, నిద్రమాని ఆడడం, పదేపదే డబ్బు వేయడం వంటి గుర్తులను గమనించి కలగజేసుకోవాలని బ్రిటన్‌లో జూద సంస్థలపై నిబంధన ఉంది. ఓడేవాడి మీద బతికే సంస్థకే వాడి కాపలా అప్పగించడం నాకైతే నచ్చదు. మనకు ఆ మార్గం ఎలాగూ లేదు. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది; 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు పందెపు ఆటలు నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధిస్తోంది. అయినా విదేశాల నుంచి పేర్లు మార్చుకుంటూ నడిచే సైట్లు అద్దె ఖాతాల ద్వారా, అంటే ఇతరుల నుంచి అద్దెకు తీసుకున్న బ్యాంకు ఖాతాల ద్వారా, డబ్బు గుంజుతూనే ఉన్నాయి.

అలాంటి అద్దె ఖాతాలను పట్టుకోవడానికి రిజర్వు బ్యాంకు ఇన్నోవేషన్ హబ్ 'మ్యూల్‌హంటర్' అనే కృత్రిమ మేధ సాధనాన్ని ఇప్పటికే తయారు చేసింది. డబ్బు చేరే ఖాతాను అనుమానించగలిగినప్పుడు, పంపే ఖాతాదారుణ్ణి హెచ్చరించడం అంత కష్టమా? అర్ధరాత్రి మూడో చెల్లింపుకే కొంతసేపు ఆపి, తెలుగులో, వీలైతే గొంతుతో, "మీరు ఇప్పటికే ఇంత పంపారు" అని చెప్పి, మానసిక సమస్యలకు ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలి మానస్ ఉచిత నంబరు 14416 చూపిస్తే చాలామంది అక్కడే ఆగుతారని నా నమ్మకం. అయితే ఆ సమాచారం ఖాతాదారుడికే పరిమితం కావాలి. యజమానికో, అప్పిచ్చేవారికో, పోలీసులకో చేరితే ఎవరూ ఆ హెచ్చరికను నమ్మరు. ఆసుపత్రి బిల్లు కడుతున్నవాణ్ణి యంత్రం పొరబడి ఆపే ప్రమాదమూ ఉంది కాబట్టి, "నాకు తెలుసు, పంపండి" అనే మీట తప్పనిసరిగా ఉండాలి.

ఆ కుర్రవాడు తనంతట తానే బ్యాంకుకు వెళ్లి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు తన ఖాతా నుంచి చెల్లింపులు ఆపమని అడిగాడు. అటువంటి వీలు లేదని చెప్పి పంపేశారట. కనీసం ఆ వీలైనా బ్యాంకులు ముందు కల్పించాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, విజయనగరం