మా అమ్మను కిందికి తీసుకొచ్చిన కాకినాడ ఆయనకు

మా అమ్మ ఇంటికి చేరి రెండు రోజులైంది. నాకు ఇంకా నిద్ర సరిగా పట్టడం లేదు. అయినా ఆలస్యం చేస్తే కొందరి సంగతి మరచిపోతానేమోనన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను. మొన్న శనివారం రాత్రి అలిపిరి మెట్లదారిలో తప్పిపోయిన మా అమ్మను వెతికి, క్షేమంగా నాకు అప్పగించిన మన తిరుపతి హామ్ రేడియో క్లబ్బు (లైసెన్సు తీసుకుని, ఇష్టం కొద్దీ సొంత రేడియో సెట్ల మీద మాట్లాడుకునేవాళ్ల సంఘం) సభ్యులందరికీ, వారికంటే ముందు, పేరు రాయవద్దని కోరిన ఆ కాకినాడ ఆయనకు ఈ నాలుగు మాటలు.

అమ్మకు డెబ్బై రెండేళ్లు. ఏడాదిగా మతిమరుపు ఎక్కువైంది. మొక్కు తీర్చాలని ఆమె పట్టుబడితే నేనూ మా వదినా నడిపించుకుని వెళ్లాము. గాలిగోపురం దగ్గర ఉన్నట్టుండి వాన అందుకుంది. అందరం తలదాచుకోవడానికి పరుగెత్తిన ఆ నాలుగైదు నిమిషాల్లోనే అమ్మ కనిపించకుండా పోయింది. ఆమె దగ్గర ఫోన్ లేదు, ఉన్నా మా నెంబరు చెప్పలేదు. వదిన పైకి వెళ్లింది, వెనక్కి దిగి ఉంటుందేమోనని నేను కిందికి పరుగెత్తాను. చీకటి పడ్డ తర్వాత ఆ అడవిదారిలో చిరుత భయం ఎలాంటిదో తిరుపతిలో ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

కింద ఫిర్యాదు చెయ్యబోతే, ఆ చోటు తమ పరిధిలోకి రాదని ఒకరు, పైన అడగమని మరొకరు, ముందు అర్జీ రాసి ఫొటో జతచేయమని ఇంకొకరు అన్నారు. వానకు కరెంటు పోయి, ఫోన్లకు సిగ్నల్ వస్తూ పోతూ ఉంటే, తడిసిన చీరతో నిలబడి నేను అర్జీ రాశాను. ఆ అరగంట నాకు జీవితాంతం గుర్తుంటుంది. ఒక ముసలి మనిషి అడవిలో తప్పిపోయినప్పుడు అది ఎవరి పరిధి అన్న ప్రశ్న మొదట ఎందుకు రావాలో సంబంధించినవారు ఒక్కసారి ఆలోచించాలని చేతులెత్తి అడుగుతున్నాను.

మావారూ హామే. ఆయన తన రేడియో సెట్టు తీసుకుని అలిపిరికి వచ్చేసరికి ఎనిమిది కావస్తోంది. మన క్లబ్బువాళ్లు రోజూ రాత్రి ఎనిమిదికి రెండు మీటర్ల బ్యాండు అనే రేడియో తరంగాల మీద కలుస్తారు. దానిని నెట్ అంటారు. మామూలుగా ఎవరి ఏంటెనా ఎంత బాగా పనిచేస్తోంది, ఆదివారం సమావేశం ఎవరి మిద్దె మీద, చుక్కలూ గీతలతో మాట పంపే మోర్స్ నేర్చుకునే పిల్లలు ఎంతవరకు వచ్చారు అన్న మాటలే నడుస్తాయి. ఆ రాత్రి మావారు రెండే రెండు వాక్యాల్లో సంగతి చెప్పారు. వెంటనే క్లబ్బు పెద్దాయన తన మిద్దె మీది నుంచి నెట్ నడిపే బాధ్యత తీసుకున్నారు. అంతవరకు ఏడుస్తూ ఉన్న నేను, ఆయన గొంతు విని ఊరుకున్నాను. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డురాలేదు. ఎవరు ఎక్కడ వెతికారో, ఎక్కడ లేదో, ఏ చోటు మిగిలిందో ఆయన ఒక్కొక్కటిగా చెప్పించుకుని రాసుకున్నారు. చంద్రగిరి కోట దగ్గర వీళ్లు ఒక చిన్న ట్రాన్స్‌మిటర్‌ను దాచిపెట్టి, దిశ చూపే ఏంటెనాతో వెతుక్కునే పోటీ పెట్టుకున్నప్పుడు నేను పులిహోర కట్టిచ్చాను; ఆ పోటీలో అలవాటైన క్రమమే మా అమ్మను వెతకడానికి పనికొస్తుందని ఆ రోజు అనుకోలేదు. 2004 సునామీ అప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న హామ్ భారతీ ప్రసాద్ గారు రేడియో మీద ఎందరి క్షేమ సమాచారాలో అందించారని పెద్దాయన ఆదివారాల్లో చెబుతుంటే గౌరవంగానే వినేదాన్ని గానీ, అది నా ఇంటి సంగతి అవుతుందని మాత్రం తోచలేదు.

ఇక ఆ కాకినాడ ఆయన సంగతి. కొత్త ఊరికి వెళ్లిన హామ్‌లు అక్కడ ఎవరైనా వింటున్నారా అని పిలిచి చూస్తారట. అలా ఆయన శనివారం మధ్యాహ్నం మావారితో రెండు నిమిషాలు మాట్లాడి, దర్శనమయ్యాక ఇంటికి కాఫీకి వస్తానని చెప్పారు. అంతే పరిచయం. రాత్రి ఎనిమిదికి ఆయన గాలిగోపురం దాటి, ఏడో మైలు వైపు వానలో నడుస్తున్నారు. సంచిలోని సెట్టులో మా నెట్ ముక్కలు ముక్కలుగా వినిపించింది. ఆయన దర్శనం టోకెను ఆ రాత్రిదే. అది తెలిసీ వెనక్కి తిరిగి, దారి పొడవునా మూసిన దుకాణాల వెనకంతా టార్చి వేసి చూస్తూ దిగారు. ఒక దుకాణం వెనక, తడికకు ఆనుకుని కూర్చున్న మా అమ్మ ఆయనకు కనిపించింది. ఎవరని అడిగితే పూతలపట్టు అని ఊరి పేరు మాత్రం చెప్పిందట.

ఆ చోటు కొండకు అటువైపు. ఐదు వాట్ల చేతి సెట్టు మాట కొండను దాటి అలిపిరికి రాదు. అందుకని ఆయన తన శాలువా అమ్మకు కప్పి, అక్కడ ఆగిన ఒక యాత్రికుల కుటుంబానికి ఆమెను అప్పగించి, తిరుపతి దీపాలు కనిపించే గాలిగోపురం దాకా ఒక్కరే పరుగెత్తి వచ్చి, దొరికారని పెద్దాయనకు చెప్పి, మళ్లీ వెనక్కి వెళ్లారు. అప్పుడు ఎనిమిదీ నలభై. తర్వాత అమ్మను చెయ్యి పట్టుకుని, పది మెట్లకొకసారి కూర్చోబెడుతూ, గాలిగోపురం దగ్గరికి తీసుకొచ్చారు. మేము అవ్వా అనేచోట కాకినాడ వైపువాళ్లు మామ్మగారూ అంటారు. రేడియోలో “మామ్మగారూ, మీ అమ్మాయి, మాట్లాడండి” అన్న ఆయన మాట విని నా కాళ్లలో సత్తువ పోయింది.

మావారు సెట్టు నా చేతికిచ్చారు. నేను మీట నొక్కి “అమ్మా, అమ్మా” అంటూనే ఉన్నాను. మీట నొక్కినంతసేపు అవతలి మాట వినపడదు. పక్కనున్న కుర్రవాడు నా బొటనవేలిని మెల్లగా పైకి తీశాడు. అప్పుడు వినిపించింది మా అమ్మ గొంతు: “పాపా, చెప్పులు యాడ పెట్టినావు?”

ఆయనకు ఆ రాత్రి దర్శనం దక్కలేదు. పొద్దున రైలు ఉందని, రాత్రి పదిన్నరకు అమ్మను నాకు అప్పగించి, మళ్లీ మెట్లెక్కకుండా బసకు వెళ్లిపోయారు. డబ్బు మాట ఎత్తబోతే రెండు చేతులూ జోడించారు. హామ్‌లు మాట్లాడుకున్నదానికి గుర్తుగా పంపుకునే క్యూఎస్ఎల్ కార్డు ఒకటి పంపమని మాత్రం అడిగారు. వచ్చేసారి ఆయన తిరుపతికి వస్తే ఆ దర్శనం మేమే దగ్గరుండి చేయించాలి.

నా వేలిని తీసిన ఆ కుర్రవాడి గురించి కూడా చెప్పాలి. అతనూ, అతని స్నేహితుడూ పరీక్ష రాసి, పాసై, లైసెన్సు కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్నారు. లైసెన్సు చేతికి రానిదే సెట్టులో మాట్లాడకూడదన్న నియమాన్ని ఆ రాత్రి కూడా తప్పకుండా, చెప్పిన చోటికల్లా మెట్ల మీద పరుగులు తీశారు. వాళ్ల చేతిలోనూ సెట్లుంటే ఇంకో రెండు చోట్లకు అదే సమయంలో మనుషులుండేవారు. హామ్ రేడియో కోసమే తయారైన హామ్‌శాట్ ఉపగ్రహం 2005 మే 5న ఇప్పుడు మన జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి వెళ్లింది. అలాంటి జిల్లాలో పాసైన పిల్లవాడికి ఒక కాగితం రావడానికి ఇన్ని నెలలు పట్టడం నాకు బాధగా ఉంది.

మావారు, వదిన, బెంగళూరు నుంచి రాత్రికి రాత్రి బండి వేసుకొచ్చిన తమ్ముడు ఎంత చేశారో వాళ్లకు తెలుసు.

రాసింది చదువుకుంటే ఎందరినో వదిలేశాననిపిస్తోంది. అమ్మ పక్కన కూర్చుని ఆమె పాదాలు తుడిచిన ఆ యాత్రికుల కుటుంబం, వాళ్ల ఊరైనా అడగలేకపోయాను. అర్ధరాత్రి తలుపు తీసి అమ్మకు బీపీ చూసిన మా వీధి డాక్టరమ్మ. కరెంటు లేకపోతే కారు బ్యాటరీ విప్పి పెద్దాయన మిద్దెకు మోసుకెళ్లిన ఎదురింటి అబ్బాయి. అలిపిరి దగ్గర నాకు టీ ఇచ్చి డబ్బు తీసుకోని అంగడామె. ఇంకా ఎవరినైనా మరచిపోయి ఉంటే క్షమించండి.

కార్డు నిన్న రాత్రి మావారు రాశారు. అందులో సమయం ప్రపంచ కాలమానంలోనే వెయ్యాలట, అది మన సమయానికి ఐదున్నర గంటలు వెనక, అందుకని రాత్రి ఎనిమిదీ నలభైకి 15:10 అని వేశారు. కింద మిగిలిన కొంచెం చోటులో అమ్మ తన పేరు తెలుగులో రాసింది. శాలువా ఉతికి ఆరేశాను. రెండూ కలిపి రేపు పోస్టులో పంపుతున్నాము.