బ్లైటీ అంటే ఏమిటంటే

చిట్టితల్లీ,

మీ రూమ్మేట్ స్పెయిన్ నుంచి బయల్దేరుతూ "బ్యాక్ టు బ్లైటీ" అని మెసేజ్ పెట్టిందనీ, అదేం మాటనీ అడిగావు. బ్లైటీ అంటే బ్రిటన్. అందులోనూ పరాయి దేశంలో ఉన్నవాళ్లు తలుచుకునే బ్రిటన్. పంట తెగులును 'బ్లైట్' అంటారు చూడు, దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు, స్పెల్లింగ్ కలిసిందంతే.

మాట మనవైపు నుంచి వెళ్లిందే. అరబీలో విలాయత్ అంటే రాజ్యం, రాష్ట్రం. పారశీకం మీదుగా హిందుస్తానీలోకి వచ్చి పరదేశం అయింది, ఆపైన ఇంగ్లండ్ అయింది. ఉత్తరాదిన చాలాచోట్ల 'వ'ను 'బ'గా పలుకుతారు కాబట్టి విలాయతీ బిలాయతీ అయింది. తెల్ల సిపాయిల నోట్లో మొదటి ఇకారం ఎగిరిపోయి, 'లాయ' కాస్తా 'లై' అయి, బ్లైటీ మిగిలింది. మన 'సీమ' కూడా ఇదే దారి పట్టింది కదా: రాయలసీమలో అది ప్రాంతం, సీమదొరలో ఇంగ్లండ్. హిందీవాళ్ల విలాయతీ ఇమ్లీయే మన సీమచింత. ఆ చెట్టు పుట్టిల్లు మెక్సికో వైపు, ఇంగ్లండ్‌కి దాంతో సంబంధమే లేదు! బయటినుంచి వచ్చిన ప్రతిదానికీ ఆ ముద్ర వేసేవాళ్లు. 1886లో యూల్, బర్నెల్ వేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు చూడు: బిలాయతీ బైంగన్ అంటే టమాటా, బిలాయతీ పానీ అంటే సోడా.

బారకాసుల్లో నలిగిన ఈ మాట ఊరందరి నోటా పడింది మాత్రం 1914-18 యుద్ధంలోనే. కందకాల్లో 'బ్లైటీ వన్' అంటే ఒక రకం గాయం. ప్రాణం తీయకూడదు, జీవితాంతం అవిటివాణ్ణి చేయకూడదు, కానీ ఫ్రాన్స్‌లోని ఆసుపత్రిలో నయంచేసి మళ్లీ ముందుకు తోసేంత చిన్నదీ కాకూడదు. ఓడెక్కించి ఇంటికి పంపక తప్పనిదై ఉండాలి. అలాంటిది తగిలినవాణ్ణి చూసి తోటివాళ్లు అసూయపడేవారు. కావాలని తనను తాను కాల్చుకుంటే కోర్టు మార్షల్.

ఇంగ్లీషులోని కుషీ (శ్రమ లేని, సుఖమైన), డెకో (ఓ చూపు), పక్కా కూడా మనవైపు నుంచి వెళ్లినవే. మతి చలించిందనడానికి వాడే 'డూలాలీ' అయితే నాసిక్ దగ్గరి దేవ్‌లాలీ. గడువు తీరిన సైనికులు ఓడ కోసం అక్కడి క్యాంపులో పడిగాపులు పడేవారు.

మాటల పుట్టుక ఎవరైనా చెబితే వెంటనే నమ్మేయకు. ఆ రెండు భాషలవాళ్లు నిజంగా కలిసి మెలిగారా, పలుకు ఎలా మారిందో మెట్టుమెట్టుగా చూపగలరా, పాత రాతల్లో ఆనవాలుందా అని అడుగు. బ్లైటీ ఈ మూడింటికీ నిలుస్తుంది. దర్జా అనే అర్థమున్న ఇంగ్లీషు మాట 'పాష్' (posh) ఓడ టికెట్ల మీద వేసిన నాలుగు పొడి అక్షరాలన్న కథ మూడోదాని దగ్గరే పడిపోతుంది, అలాంటి టికెట్ ఒక్కటీ దొరకలేదు.

నువ్వూ వాడొచ్చు, తిట్టేమీ కాదు. స్నేహితుల దగ్గర, ప్రయాణాల కబుర్లలో బాగుంటుంది. దరఖాస్తుల్లో, ఆఫీసు మెయిళ్లలో వద్దు. రాసేటప్పుడు 'బి' పెద్దక్షరం, ముందు 'ది' పెట్టకు. 'ఓల్డ్ బ్లైటీ' అంటే ఇంకా సహజంగా ఉంటుంది.

ఆశీస్సులతో,
నాన్న