మన పర్లాకిమిడి తెలుగు సంఘం వార్షిక నివేదిక: ఈసారి వాలీబాల్ కబుర్లే ఎక్కువ

సభ్యులందరికీ నమస్కారం.

నివేదిక అంటే ఉగాదితో మొదలుపెట్టి వరుసగా చెప్పుకురావాలి. పోయినేడు అలాగే రాశాను. ఎవరూ చదవలేదని సర్వసభ్య సమావేశంలో తెలిసిపోయింది. అందుకని ఈసారి అందరూ అడుగుతున్న సంగతే ముందు చెబుతున్నాను. అవును, వాలీబాల్ పోటీల్లో మనకు మూడో స్థానం వచ్చింది. జట్లు నాలుగే.

అసలు ఈ ఆలోచన ఎలా వచ్చిందో కొందరికి తెలియదు. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ఆయన పుట్టింది 1863లో. అదే తేదీన 1905లో హాకీ ధ్యాన్‌చంద్ పుట్టారు కాబట్టి దేశమంతా అది జాతీయ క్రీడాదినం కూడా. మనం ఏటా గిడుగు వారి పటానికి దండ వేస్తాం, ముగ్గురు మాట్లాడతారు, పులిహోర తిని ఇళ్లకు వెళ్తాం. పోయినేడు ఆ సభలో నలభై దాటనివాళ్లు ఇద్దరే కనిపించారు. ఆ ఇద్దరూ మైక్ సెట్ తెచ్చినవాళ్లు. ఆ సాయంత్రం కుర్చీలు మడతపెడుతుంటే మన కోశాధికారి గారి భార్య, "రెండు పండగలూ ఒకే రోజు కదండీ, ఒక బంతి కొనరాదూ?" అన్నారు. అన్నది ఆవిడ, బంతి కొన్నది ఆయన. రసీదు ఇంకా ఇవ్వలేదు.

జట్టు కడుతున్నాం, కుర్రాళ్లు రావాలి అని నోటీసు రాసి సంఘం గోడకు అంటించాను. మంచి దస్తూరీతో, తెలుగులో. ముగ్గురు వచ్చారు, ముగ్గురూ పెన్షన్ తీసుకుంటున్నవాళ్లే. వారం తర్వాత మా అబ్బాయి అదే సంగతి ఫోన్లో వాయిస్ మెసేజ్ పెడితే పద్నాలుగు మంది వచ్చారు. నోటీసు చూడలేదా అని అడిగితే, "చూశాం అంకుల్, ఏం రాశారో తెలీలేదు" అన్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. కానీ బడిలో చదివింది ఒడియా, హిందీ, ఇంగ్లీషు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మన పర్లాకిమిడి అందులోకి వచ్చింది. అప్పటి నుంచి తరం తరానికీ అక్షరం తగ్గుతూ వస్తోందని మనం సభల్లో చెప్పుకుంటూనే ఉన్నాం. నేనే రెండుసార్లు చెప్పాను. గోడమీద నా నోటీసు ముందు నిలబడి ఆ పిల్లలు నవ్వుతుంటే మాత్రం వేరుగా తగిలింది.

ప్రాక్టీసు జూన్‌లో మొదలైంది. మొదటి చిక్కు లెక్కతో. మన పెద్దలు ఆడిన రోజుల్లో సర్వీస్ చేసిన జట్టుకే పాయింటు వచ్చేది, సెట్టు 15కి అయిపోయేది. 1990ల చివర్లో ఆ పద్ధతి మారింది. ఇప్పుడు సర్వీస్ ఎవరిదైనా ప్రతి బంతికీ పాయింటే, సెట్టు 25కి, రెండు పాయింట్ల తేడా ఉండాలి. ఉపాధ్యక్షులు గారు చివరిదాకా ఒప్పుకోలేదు. "మా సర్వీస్ కాదు కదా, పాయింటెలా ఇస్తారు?" అని మ్యాచ్ రోజు కూడా బయటి నుంచి అరిచారు. రెండో చిక్కు ఇంకా పెద్దది. గాల్లో బంతి లేచినప్పుడు ఎవరు తీసుకుంటారో వాళ్లు అరవాలి. ఒకడు "నాది" అన్నాడు, ఇంకొకడు "మోర" అన్నాడు. రెండు మాటలకూ అర్థం ఒకటే, ఒకటి తెలుగు, ఒకటి ఒడియా. ఇద్దరి తలలూ ఢీకొన్నాయి. ఆ తర్వాత అందరూ "నాది" అనాలని తీర్మానం చేశాం. సంఘం చరిత్రలో చర్చ లేకుండా నెగ్గిన తీర్మానం ఇదొక్కటే.

జట్టులో అందరికన్నా బాగా స్మాష్ కొట్టేవాడు కొండమీది ఊరి నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న సవర తెగ కుర్రాడు. సవర, ఒడియా, తెలుగు మూడూ మాట్లాడతాడు. కార్యవర్గంలో ఒకరు అభ్యంతరం చెప్పారు: సంఘం జట్టులో సభ్యుల పిల్లలే ఆడాలి కదా అని. నిబంధన ప్రకారం ఆయన మాట తప్పు కాదు. చర్చ గంటసేపు సాగింది. చివరికి మన గౌరవాధ్యక్షులు, "గిడుగు వారు ఈ ఊళ్లోనే కూర్చుని సవర నేర్చుకున్నారు, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆయన జయంతికి పెట్టే ఆటలో సవర పిల్లాడు ఆడకూడదని మినిట్స్‌లో రాసుకుందామా?" అన్నారు. ఎవరూ రాయమనలేదు. అభ్యంతరం చెప్పినాయనే ఆ పిల్లాడికి బూట్లు కొనిచ్చారు. ఇది ఆయన చెప్పుకోరు కాబట్టి నేను రాస్తున్నాను.

ఇప్పుడు జెర్సీల సంగతి. వెనకాల ఊరి పేరు తెలుగులోనే ఉండాలని పట్టుబట్టింది కుర్రాళ్లే. ప్రూఫ్ చూసింది నేనే. "పర్లాకిమిడి" అని ఉండాల్సిన చోట "పరలాకిమిడి" అని అచ్చయింది. కళ్లజోడు లేకుండా ఫోన్లో చూసి బాగుందన్నాను. తప్పు పూర్తిగా నాదే, ఆ మేరకు క్షమించండి.

పోటీలు ఆగస్టు 29 తర్వాతి ఆదివారం పెట్టుకున్నాం. మాటిచ్చిన మైదానం ముందు రోజు సాయంత్రం లేదన్నారు. ఎవరు, ఎందుకు అన్నది ఇక్కడ వద్దు. ఊరి చివర ఖాళీ స్థలం దొరికింది కానీ రాత్రంతా వాన. పొద్దున్నే ఆరు బస్తాల రంపపు పొట్టు చల్లాం. సున్నం గీతలు నిలవకపోతే తెల్ల నవారు పరిచి మేకులు కొట్టాం. నెట్టు సరిగ్గా 2.43 మీటర్ల ఎత్తున కట్టాం. పెద్దవాళ్ల సరదా ఆటకు మాత్రం దాన్ని ఆడవాళ్ల ఎత్తుకు, అంటే 2.24కి దించాం. అయినా బ్లాక్ చేయడానికి ఎగిరినవాళ్లలో ఎవరి వేళ్లూ నెట్టు దాటలేదు.

మొదటి ఆట పాతపట్నం జట్టుతో. ఏరు దాటితే వాళ్లది ఆంధ్రా, శ్రీకాకుళం జిల్లా. పెళ్లిళ్లు, బజారు అన్నీ మనవాళ్లతోనే. మనవాళ్లు వార్మప్ చేస్తుంటే వాళ్ల లిఫ్టర్, అంటే స్మాష్‌కు బంతి ఎత్తి ఇచ్చేవాడు, మన జెర్సీల వెనకాల అక్షరాలు చదివి, "పరలాకిమిడి ఎక్కడుందిరా బాబూ?" అన్నాడు. వాళ్ల జట్టు జట్టంతా నవ్వింది. మన పిల్లలకు ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు. అప్పుడు నేను రంపపు పొట్టు మీద పుల్లతో ర రాసి, దీర్ఘమిచ్చి, కింద ల వత్తు పెట్టి చూపించాను. ఎనిమిది మంది వంగి చూశారు. రెఫరీ విజిల్ రెండుసార్లు వేశాడు. ఆ ఆట 25-14, 25-17తో ఓడిపోయాం. అందులో నా పాఠం వాటా ఎంతో తెలియదు.

రెండో ఆట బడి మాస్టర్ల జట్టుతో. ఇది గెలిచాం. చెరో సెట్టు అయ్యాక మూడోది 15కి. 14-13 దగ్గర వాళ్ల స్మాష్ మన లిబెరో చేతికి తగిలి గీత బయటికి లేచింది. లిబెరో అంటే వెనక వరసలోనే ఆడే మనిషి, జెర్సీ రంగు వేరుగా ఉండాలి. మన దగ్గర రెండో రంగు లేక వాళ్ల నాన్న దుకాణం పేరున్న పసుపు టీషర్టు వేసుకున్నాడు. ఆ బంతి వెనక పరుగెత్తుతూ మన తెలుగు కుర్రాడు "మోర!" అని అరిచాడు. తీర్మానం గంగలో కలిసింది కానీ బంతి లేచింది. మన సవర అబ్బాయి దాన్ని మూలకు కొట్టాడు. 15-13.

పక్కవీధి ఒడియా కుర్రాళ్లతో ఆడిన మూడో ఆట గురించి రాయడానికి ఏమీ లేదు. వాళ్లు మనకంటే చాలా బాగా ఆడారు, కప్పు కూడా వాళ్లదే. కప్పు అంటే కప్పు కాదు, మన ఊరి కొమ్ము పనివాళ్లు చేసిన కొంగ. దాని ముక్కు బహుమతి ప్రదానానికి ముందే కొంచెం విరిగింది, గమ్‌తో అతికించాం. గెలిచినవాళ్లు ఇది చదవరనే ధైర్యంతో చెబుతున్నాను. దెబ్బలు: ఒక వేలు బెణికింది, ఒక చీలమండ వాచింది. చేపల బజారు నుంచి తెచ్చిన ఐసు పెట్టాం, వాసనకే సగం నొప్పి పోయిందని దెబ్బ తగిలిన కుర్రాడొకడు అన్నాడు.

ఆడపిల్లల జట్టు కట్టలేకపోయాం. ఐదుగురు ప్రాక్టీసుకు వచ్చారు, ఆరుగురు కావాలి. ఆరో అమ్మాయి దొరికేసరికి ఎదుటి జట్టు లేదు. వాళ్లు అలిగారు, అలగాల్సిందే.

పోటీల తర్వాత వారానికి ఇద్దరు ముగ్గురు చొప్పున తొమ్మిది మంది కుర్రాళ్లు అక్షరాలు నేర్పమని వచ్చారు. ఆదివారం ఆట అయ్యాక అరగంట కూర్చోబెడుతున్నాం. ఇప్పుడు నలుగురు మిగిలారు. పరీక్షలు అంటున్నారు, నేను బోరు కొడుతున్నానని మా అబ్బాయి అంటున్నాడు. నేర్పడానికి ఓపికున్నవాళ్లు ఎవరైనా ముందుకొస్తే నేను సంతోషంగా తప్పుకుంటాను.

మిగతావి క్లుప్తంగా. ఉగాది పచ్చడి బాగా కుదిరింది. కార్తీక వనభోజనాలు మహేంద్రతనయ ఒడ్డున జరిగాయి, వంకాయ కూర చాలలేదు. సంక్రాంతి ముగ్గుల పోటీలో న్యాయనిర్ణేతల మీద ఫిర్యాదు వచ్చింది, ఏటా వచ్చేదే. చందాలు సగం మందే కట్టారు. జమాఖర్చుల పట్టీ విడిగా జతచేశాం, అందులో బంతి రసీదు తప్ప అన్నీ ఉన్నాయి.

నెట్టు, నవారు మా ఇంటి వాకిట్లో ఉన్నాయి. గాలికొట్టే పంపు ఎవరో తీసుకెళ్లారు. వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికి ప్రాక్టీసు ఉంది, ఆలోపు తెచ్చివ్వండి. ఈ ఒక్క సంగతీ వాయిస్ మెసేజ్‌లో కూడా పెడుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి