మునిగాక కాదు, తేలుతున్నప్పుడే తీయించండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జలమార్గాల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. ఇది మీకు నేను రాస్తున్న ఐదో ఉత్తరం. మొదటి నాలుగూ మీ కార్యాలయానికే పంపాను. రెండింటికి "మీ అర్జీ అందినది, పరిశీలనలో ఉన్నది" అని రసీదు వచ్చింది. మిగతా రెండింటికి అదీ లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

పథకం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, ప్రారంభించింది మీరే. వదిలేసిన షికారు బోట్లను తీయించడానికి నిధి ఉందని చెప్పిందీ మీరే. నిధి ఉంది. బోట్లూ ఉన్నాయి. రెంటికీ ముఖపరిచయం జరగడం లేదు, అంతే.

మా రేవు దగ్గరి ఒక్క బోటు సంగతి చెబుతాను. నేను మొదటి అర్జీ పెట్టినప్పుడు అది తేలుతూనే ఉంది. తెల్ల ఫైబర్ బోటు, చిన్న క్యాబిన్, పైన కప్పిన టార్పాలిన్ చిరిగి పీలికలైంది. మరో బోటుకి మోకు కట్టి లాక్కెళ్తే ఒక్క పూట పని. ఆ మాటే రాశాను. బ్యాటరీ చచ్చిపోయిందనీ, అడుగున చేరే నీళ్లు తోడే పంపు ఆగిపోయిందనీ, వాన నీళ్లు లోపలే నిలుస్తున్నాయనీ, ఇలాగే వదిలేస్తే మునుగుతుందనీ కూడా రాశాను. బకెట్ నిండితే ఏమవుతుందో చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు కదండీ.

మూడు నెలలకు ఒకాయన వచ్చి క్యాబిన్ తలుపు మీద నోటీసు అంటించి వెళ్లారు. యజమాని 30 రోజుల్లోగా తీసుకెళ్లకపోతే చర్య తీసుకుంటారట. గడువు తీరకముందే వాన వచ్చి నోటీసుని తీసుకెళ్లింది. సరే, గడువు తీరింది కదా అంటే, ముందు యజమాని ఎవరో తేలాలన్నారు. రిజిస్టర్లో ఉన్న మనిషి ఎప్పుడో అమ్మేశానన్నాడట. కొన్నవాడు ఇంకొకరికి ఊరికే ఇచ్చేశాడట. ఆ మూడోవాడి పేరు ఏ కాగితం మీదా లేదు. పాత బోట్లు చేతులు మారేది ఇలాగేనని మీ సిబ్బందికి తెలియనిది కాదు. చివరి చేతికి వచ్చేసరికి ఆ మనిషి దగ్గర దాన్ని నడిపే డబ్బూ ఉండదు, వదిలించుకునే డబ్బూ ఉండదు. మొత్తానికి రిజిస్టర్లో యజమాని తేలేలోపు నీళ్లలో బోటు మునిగింది.

ఆ తర్వాత మీ శాఖ నుంచి వచ్చిన జవాబు నేను దాచుకున్నాను, పారేయడానికి మనసు రాలేదు. బోటు మునిగిపోయినందున అది ఇక 'వదిలేసిన బోటు' పద్దు కింద రాదట, 'మునిగిన అడ్డంకి' కింద వస్తుందట. దానికి కొత్త అంచనా, కొత్త టెండరు. నోటీసు కూడా మళ్లీ మొదటి నుంచి. ఎక్కడ అంటిస్తారని నేను అడగలేదు. గజ ఈతగాడితో పంపుతారేమో.

ఇప్పుడు ఖర్చు సంగతి చూడండి. అప్పుడు ఒక మోకు, ఒక బోటు, ఇద్దరు మనుషులు సరిపోయేవారు. ఇప్పుడు నీళ్లలోకి దిగేవాళ్లు కావాలి, గాలి నింపి పైకి లేపే సంచులు కావాలి, క్రేన్ ఉన్న పంటు కావాలి, డీజిల్ పాకకుండా చుట్టూ తేలే అడ్డు కట్టాలి. ఒండ్రు పట్టేసిన బోటు లేపుతుంటే రెండు ముక్కలైతే ఆ ముక్కలకి మళ్లీ వేరే లెక్క. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరూ చేసేదే. మీ పథకంలో మాత్రం ఆకులకే నిధులున్నాయి, చేతులు కాలకుండా చూడటానికి పద్దే లేదు.

జనం ఎందుకు వదిలేస్తున్నారో కూడా ఒకసారి ఆలోచించండి. అందరూ దుర్మార్గులు కారు. ఇనుప పడవైతే తుక్కు కింద ఎవరో ఒకరు కొనుక్కుపోతారు. ఫైబర్‌కి ఆ విలువ లేదు. గాజు పీచు, రెసిన్ కలిసి ఒకసారి గట్టిపడితే మళ్లీ కరిగించి వాడుకోలేం. కోయడానికీ, మోయడానికీ, పారేయడానికీ ఎదురు డబ్బు పెట్టాలి. ఈ రకం బోట్లు 1960, 70ల నుంచి ప్రపంచమంతా గుట్టలుగా తయారయ్యాయి, అవన్నీ ఇప్పుడు ముసలివయ్యాయి. కాబట్టి ఇది మా రేవుతో ఆగే గొడవ కాదు.

మిగతా చోట్ల ఏం చేస్తున్నారో మీ అధికారులు ఫైల్లో రాయకపోతే నేను చెబుతాను. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం 2002లోనే దీనికో కార్యక్రమం పెట్టింది. బోట్ల రిజిస్ట్రేషన్‌తో పాటు కొంత రుసుము వసూలు చేసి, బోటు తీయించిన స్థానిక సంస్థకు ఖర్చులో 90 శాతం దాకా తిరిగిస్తుంది. బోటు మునగకముందే యజమాని దాన్ని తెచ్చి అప్పగించే దారి కూడా తర్వాత తెరిచింది. ఫ్రాన్స్‌లో 2019 నుంచి తయారీదారులు కట్టే రుసుముతో పాత షికారు బోట్లను విడగొడుతున్నారు, యజమాని అక్కడిదాకా చేర్చే ఖర్చు పెట్టుకుంటే చాలు. నార్వే 2017లో ఇంకో అడుగు ముందుకేసి, పాత చిన్న బోటు తెచ్చిచ్చినవాడికి 1000 క్రోనర్లు ఎదురిచ్చింది. మన దగ్గర తెచ్చిస్తానన్నవాడికి ఎక్కడివ్వాలో చెప్పే మనిషి లేడు. ఓడల శకలాలపై నైరోబీ ఒప్పందం ఉంది కదా అని ఒకాయన నాతో అన్నారు. అయ్యా, అందులో బీమా తప్పనిసరి చేసింది 300 టన్నులు, ఆపైన ఉన్న ఓడలకి. మా రేవులో మునిగింది ఓడ కాదు.

మునిగిన బోటు ఊరికే పడుకోలేదు. నీళ్ల మీద డీజిల్ పొర రంగులు తిరుగుతోంది. సీసం ఉన్న బ్యాటరీ లోపలే ఉంది. వలలు చిక్కుకుని చిరుగుతున్నాయి. చీకట్లో వచ్చే పడవలకి అదెక్కడుందో తెలియదు, మేమే ఒక కర్ర పాతి దానికి ఎర్రగుడ్డ కట్టాం. ఆ గుడ్డ ఖర్చు ఏ పద్దు కింద అడగాలో కూడా చెప్పండి. పాల ముంచినా నీట ముంచినా మీదే భారం అని మూడో అర్జీలో రాశాను. మీరు రెండోదే ఎంచుకున్నట్టున్నారు.

కోపంగా రాస్తున్నానని తెలుసు, క్షమించండి. నాకు కావలసింది పెద్ద పని కాదు. తేలుతున్న బోటుని తేలుతుండగానే లాగేయడానికి డబ్బివ్వండి. యజమాని ఎవరో తర్వాత తేల్చుకోండి, జరిమానా తర్వాత వేసుకోండి, ముందు బోటుని నీళ్లలోంచి తీయండి. స్వయంగా అప్పగించేవాళ్లని దొంగల్లా చూడకుండా ఒక చోటు చూపించండి. దయచేసి ముందు తీయండి.

ఇంకో మాట. మునిగినదాని పక్కనే పోయిన నెల ఎవరో ఇంకో బోటు వదిలివెళ్లారు. నీలం రంగుది, కొంచెం పెద్దది. ఒకటి ఉన్న చోటికి రెండోది రావడం మామూలే. పొద్దున చూసి వచ్చాను. ఓ పక్కకి ఒరిగింది గానీ ఇంకా తేలుతోంది, కట్టిన మోకు గట్టిగానే ఉంది. రెండు పెద్ద వానలు తట్టుకుంటుందేమో. మీరు ఎవరినైనా పంపితే మోకు అవతలి కొస పట్టుకోవడానికి నేనూ వస్తాను.

ఇట్లు,
రేవు పక్కన ఉండే ఒక అర్జీదారు