ఆ కంచు విగ్రహం ప్రాచీనమైనది కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పర్యాటక పుటలో సిసిలీ ద్వీపంలోని అగ్రిజెంటో ఆలయాల లోయపై వచ్చిన వ్యాసం ఆసక్తితో చదివాను. అయితే కాంకార్డియా ఆలయం ముందు నేలకొరిగి ఉన్న రెక్కల మనిషి ఫొటో కింద ‘శిథిలమైన ప్రాచీన గ్రీకు విగ్రహం’ అని ప్రచురించారు. ఆలయం క్రీస్తుపూర్వం 5వ శతాబ్దానిదే గాని, మైనపు రెక్కలతో ఎగిరి నేలరాలిన గ్రీకు పురాణ పాత్ర ఇకారస్‌ను చూపే ఆ విగ్రహం మాత్రం పోలండ్ శిల్పి ఇగోర్ మితోరాయ్ (1944–2014) కంచులో పోతపోయించిన ఆధునిక శిల్పం. 2011లో ఆ లోయలో ఆయన శిల్పాల ప్రదర్శన జరిగింది.

విరిగిన విగ్రహం పూజకు పనికిరాదన్న ఆచారంలో పెరిగిన మనం, చేతులు లేని ప్రతిమ కనిపించగానే దాన్ని కాలమో శత్రువో విరిచి ఉంటారనుకోవడం సహజమే. కానీ ఇక్కడ ఏ చేయీ విరగలేదు. లోహం పోయకముందే, ఎక్కడ ఆపాలో శిల్పి నిర్ణయించుకున్నాడు. గ్రీకులు కంచుతో చేసిన విగ్రహాల్లో అధికభాగాన్ని తరువాతివారు లోహం కోసం కరిగించేశారు. నేడు మ్యూజియాల్లో కనిపించే పాలరాతి ప్రతిమల్లో అనేకం రోమన్ల కాలంలో వాటిని చూసి చెక్కిన నకళ్లే, అవి కూడా మెడ దగ్గరో మోచేతి దగ్గరో విరిగి దొరికినవే. రాయి విరిగినంత తేలికగా కంచు విరగదు. అందువల్ల రాతి నకలుకు తగిలిన గాయాన్ని, ఆ నకలుకు మూలమైన కంచులోకే తిరిగి తీసుకురావడం నాకు ఎంతో లోతైన ఆలోచనగా తోస్తుంది. మితోరాయ్ కంటే ముందే ఫ్రెంచి శిల్పి రోడిన్ తల, చేతులు లేని ‘నడుస్తున్న మనిషి’ని పూర్తి శిల్పంగానే జనం ముందు నిలబెట్టాడు.

మా అమ్మాయిని చూడడానికి పోలండ్ వెళ్లినప్పుడు, క్రాకోవ్ ప్రధాన కూడలిలో మితోరాయ్ చేసిన, గ్రీకుల ప్రేమ దేవుడు ఎరోస్ తలను చూశాను. మనిషి ఎత్తును మించిన ఆ తల పక్కకు ఒరిగి ఉంటుంది; ముఖమంతా గాయానికి చుట్టినట్టు పట్టీలు. లోపల అంతా డొల్ల. పిల్లలు అందులోకి దూరి, ఖాళీ కంటి గూళ్లలోంచి బయటకు తొంగిచూస్తున్నారు. వాళ్ల చేతులు తగిలి తగిలి అంచులు నున్నగా మెరుస్తున్నాయి.

ఇంత ఆలోచించి చేసిన పనిని పేరులేని శిథిలంగా చూపితే శిల్పికి అన్యాయం జరుగుతుంది. దయచేసి రాబోయే ఆదివారం అదే పుటలో, శిల్పి పేరుతో సవరణ ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం