నాలుగు వేళ్ల సంగతి

చిన్నోడికి, నాన్న ఆశీస్సులు.

నీ బొమ్మలు చూసి మీ సారు "ఇది టీవీ కార్టూను, ఆర్టు కాదు" అన్నారటగా. మీ అమ్మ చెప్పింది. ఫోన్‌లో నాకు మాటలు తిన్నగా రావు, అందుకే రాస్తున్నాను.

నేను ప్రెస్సులో చేరిన రోజుల్లో బొమ్మ అచ్చు కావాలంటే జింకు పలక మీద యాసిడ్‌తో బ్లాకు చేయాలి. ఫొటో అయితే చుక్కలుగా మార్చి హాఫ్‌టోన్ చేసేవాళ్లం. నాసిరకం న్యూస్‌ప్రింట్ మీద సిరా పాకి, మంత్రిగారెవరో డ్రైవరెవరో తెలిసేది కాదు. గీతబొమ్మకు ఆ గొడవ లేదు. బాపు గారి బొమ్మలో కాటుక కన్ను ఒక్క గీతలో పలుకుతుందంటే అది ఆయన చేతి గొప్పతనమే. కానీ అలాంటి గీతకు మన పత్రికల్లో అంత చోటు దొరకడానికి ఆ చవక కాగితం కూడా కారణమేనని నా నమ్మకం.

యానిమేషన్‌దీ ఇదే కథ. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు, అంటే విడివిడి చిత్రాలు, తిరగాలి. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడుకున్నా, ఏడు నిమిషాలకు ఒక్క పాత్రకే ఐదు వేల బొమ్మలు దాటతాయి. మిక్కీ మౌస్‌కు నాలుగు వేళ్లే ఎందుకనుకున్నావు? ఐదో వేలు పెడితే ఆ బుల్లి చేయి అరటిపండ్ల అత్తంలా ఉంటుందన్నది ఒకటి, పని తగ్గుతుందన్నది ఇంకొకటి. 1958లో వచ్చిన కార్టూన్ ఎలుగుబంటి యోగి బేర్ మెడకు కాలరూ టైయ్యీ షోకు కోసం కాదు. తలకూ ఒంటికీ మధ్య అతుకు కనపడకుండా అవి కప్పేస్తాయి, ఒళ్లు కదలకుండా ఉంచి తల మాత్రం మళ్లీ గీస్తే సరిపోతుంది. 2008లో మన హైదరాబాద్ స్టూడియో నుంచే వచ్చిన ఛోటా భీమ్‌ను చూడు. చొక్కా లేదు, నారింజ రంగు ధోవతి. మన చిక్కడపల్లి పిల్లలు వీధి చివర నుంచే గుర్తుపడతారు.

కాబట్టి మీ సారు మాట సగం తప్పు. మిగతా సగం మాత్రం విను. నీ బొమ్మల్లో ప్రతివాడి చేతులూ జేబుల్లోనో వెనక్కో ఉంటాయి. చేయి గీయడం వచ్చినవాడు వేలు తగ్గిస్తే స్టైలు. నువ్వు చేస్తున్నది తప్పించుకోవడం.

సెలవులకు వచ్చినప్పుడు కోఠీలో ఒక పూట కూర్చుందాం. ఇరానీ చాయ్ సాసర్‌లో పోసుకునే చేయి, పూలు మూరవేసే చేయి, పాత పుస్తకాలు బేరమాడే చేయి, అన్నీ గీయి. నాలుగు వేళ్లతోనైనా సరే.

మెస్ డబ్బులు సోమవారం వేస్తాను.

మీ నాన్న